ఎవరూ ఇవ్వని ఆజ్ఞ

ఇంజను ఆపేశాక కారులో వెచ్చదనం ఎంతసేపు నిలుస్తుందో ఎడ్విన్ ట్రోగర్‌కు ఇంతవరకూ తెలియదు. కారు ఆగీ ఆగకముందే డ్రైవరు వచ్చి తలుపు తీస్తే దిగిపోవడమే అతని అలవాటు. ఈ రోజు డ్రైవరును ఇంటికి పంపించి, ఊరి చివరి వాలు మీదికి తానే నడుపుకుంటూ వచ్చాడు. డ్రైవరు ఎందుకు వద్దో చెప్పడానికి ఒక కారణం కూడా సిద్ధం చేసి ఉంచుకున్నాడు, ఎవరూ అడగలేదు. ఇప్పుడు అద్దాల మీద తన ఊపిరే మంచులా పేరుకుంటోంది, నవంబరు తుంపర కారు పైకప్పు మీద వినీ వినపడకుండా పడుతోంది, రోడ్డుకు అటువైపు యూదుల శ్మశానం గేటు ఒక రెక్క తెరుచుకుని ఉంది. లోపల యూలియస్ కెంప్నర్‌ను పూడ్చిపెడుతున్నారు. లేదా ఇంకాసేపట్లో పూడ్చిపెడతారు. నల్లగుడ్డ కప్పిన బండి లోపలికి వెళ్ళి ఎంతసేపయిందో చూడటానికి గడియారం జేబులోనే ఉంది, కాని అతను చూడదలుచుకోలేదు. చూస్తే ఇంకా సమయం ఉందని తెలుస్తుంది, లేదా మించిపోయిందని తెలుస్తుంది, రెండింటిలో ఏది తెలిసినా ఏదో ఒకటి చెయ్యవలసి వస్తుంది. చెయ్యవలసింది చాలా చిన్న పని. తలుపు తీసుకుని దిగడం, రోడ్డు దాటడం, కోటు లోపలి జేబులో ఉన్న మూరెడు లేసును ఆ పెట్టె మీద పరచడం, రెండు మాటలు చెప్పడం. ఈ ఊళ్ళో లేసు నేయించిన ప్రతి యజమానికీ దక్కిన ఆ రెండు మాటలు యూలియస్‌కు దక్కుతాయా లేదా అన్నది, ఈ తలుపు పిడి మీద ఉన్న తన చేతిలో ఉంది. ఆ చెయ్యి కదలడం లేదు. చలికేమో అనుకున్నాడు. తొడుగు ఉన్న చేతికి చలేమిటి?

లేసు తయారీదారుల సంఘంలో అది ఎక్కడా రాసిపెట్టని ఆచారం. సభ్యుడు పోతే అధ్యక్షుడు స్వయంగా వెళ్ళాలి. ఆ మనిషి జీవితకాలంలో తయారుచేయించిన నమూనాలన్నిటిలోకి మంచిదాన్ని ఎంచి శవపేటిక మీద పరచాలి. ఆ నమూనా గురించే మాట్లాడాలి, మనిషి గురించి కాదు. మనిషి సంగతి పాస్టరు చూసుకుంటాడు. ఈ ఆకు అంచున ముడి ఎలా తిరిగిందో చూడండి, అని మొదలుపెడితే చాలు, అంతవరకూ కళ్ళు తడవని కొడుకులు కూడా టోపీల్లోకి ముఖం దించేసుకునేవారు. అధ్యక్షుడిగా తన హయాంలో లూథరన్లను, ఒకరిద్దరు కాథలిక్కులను, దేవుడు లేడని జీవితమంతా వాదించి చివరికి అలసిపోయి చచ్చిపోయిన ముసలి పాట్స్‌నర్‌ను, అందరినీ అలాగే సాగనంపాడు. ఆ ప్రసంగాల్లో ఒక్కటీ పూర్తిగా తనది కాదు. ఉపాధ్యక్షుడి కుర్చీలోంచి యూలియస్ చెయ్యి చాపి చిత్తుప్రతి అందుకునేవాడు, దారం పోగును పరీక్షించినట్టు ఒక్కొక్క వాక్యాన్నీ పైకెత్తి చూసేవాడు, "విశేషణాలు తీసెయ్ ఎడ్విన్, చచ్చినవాడికి బరువెందుకు?" అనేవాడు. ఇవాళ చెప్పవలసిన రెండు మాటలను దిద్దడానికి ఎవరూ లేరు. రాత్రంతా అనుకున్నవి, ఉదయం గడ్డం గీసుకుంటూ అనుకున్నవి, అన్నిటిలోనూ విశేషణాలే నిండిపోయి ఉన్నాయి.

ఇన్నేళ్ళలో ఈ గేటు లోపలికి అతను ఒక్కసారీ వెళ్ళలేదు. యూలియస్ తల్లి పోయినప్పుడు వెళ్ళవలసింది. లీప్‌జిగ్ సంతలో కొనుగోలుదారులు ఎదురుచూస్తున్నారని, దేవదారు రెమ్మలతో కట్టించిన పెద్ద పూలవలయం ఒకటి పంపించి ఊరుకున్నాడు. తిరిగి రాగానే యూలియస్ రెండు చేతులూ పట్టుకుని కృతజ్ఞత చెప్పాడు. చాలా ఏళ్ళ తర్వాత మరెవరో మాటల్లో అంటే తెలిసింది, వాళ్ళ సమాధుల మీద పూలు పెట్టరని, ఆ వలయం గోడ బయటే ఎండిపోయిందని. నాకెందుకు చెప్పలేదని నిలదీస్తే యూలియస్ నవ్వాడు. అంత పెద్దది పంపినవాడితో ఏమని చెప్పేది, అన్నాడు. ఆ నవ్వు ఇప్పుడు కారు అద్దం మీద పేరుకున్న తేమలోంచి వినిపిస్తున్నట్టుంది. ముప్పై ఏళ్ళ స్నేహంలో తెలుసుకోవలసిన పనంతా ఒకడే చేశాడు. తన పండగలు యూలియస్‌కు తెలుసు, తన పిల్లలు పుట్టిన తేదీలు తెలుసు, క్రిస్మసు ముందు శనివారం తన భార్య ఫ్రీడా చేసే బాతు వేపుడులో ఏ మసాలా పడుతుందో తెలుసు. యూలియస్ ఇంట్లో సబ్బాతు మొదలయ్యే శుక్రవారం సాయంత్రం ఏం జరుగుతుందో తనకు తెలియదు. అడగడం మర్యాద కాదనుకున్నాడు. తెలియకపోవడాన్ని మర్యాద అని పిలుచుకోవడం ఎంత సుఖం, అనుకున్నాడు ట్రోగర్. ఆ సుఖంలో ఒక మనిషి ముప్పై ఏళ్ళు కూర్చోగలడు.

జేబులోంచి లేసు తీసి ఒళ్ళో పరుచుకున్నాడు. ఫెర్న్ ఆకు నమూనా. పారిస్ నుంచి వచ్చేవాళ్ళు ఒకప్పుడు దీన్ని యూలియస్ పేరుతోనే అడిగేవారు. నల్లకోటు మీద తెల్లగా, నేల లేకుండా, గాలిలోనే నిలబడ్డ ఆకు. ఈ ఊరి పనితనమంతా ఈ నేల లేకపోవడంలోనే ఉంది. పలచని పట్టుబట్ట మీద నూలుదారంతో కుట్టాలి, కుట్టాక మొత్తం తీసుకెళ్ళి కాస్టిక్ సోడా తొట్టెలో ముంచాలి. పట్టు కరిగిపోతుంది, నూలు మిగులుతుంది. చేతిపనుల కళాశాలలో ఇద్దరూ పక్కపక్క బల్లల మీద నేర్చుకున్నారు. మొదటిసారి తన గులాబీని తొట్టెలో వేసినప్పుడు, పట్టు కరగడం మొదలవగానే గులాబీ విడిపోయింది. రేకలు ఒకవైపు, కాడ ఒకవైపు, దారాలు దారాలుగా నీళ్ళలో తేలాయి. యూలియస్ తొట్టె మీదికి వంగి, "చూడవోయ్, నీ గులాబీ ఈత నేర్చుకుంటోంది" అన్నాడు. ఆ తర్వాత వారం రోజులు పక్కన కూర్చుని చూపించాడు: బట్ట ఉన్నంతకాలం ప్రతి కుట్టూ బాగానే కనపడుతుంది, అది మోసం, బట్ట లేదనుకుని కుట్టాలి, ప్రతి దారమూ ఇంకో దారాన్ని పట్టుకుని ఉందా లేదా అన్నదే చూసుకోవాలి. ఈ సంగతి తనకన్నా బాగా తెలిసినవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు, ఆ రోజు తర్వాత. తన కార్ఖానాలో ఎన్ని వేల గజాలు ఆ తొట్టెలో మునిగి క్షేమంగా లేచాయి. అయినా కొత్త ప్రభుత్వం గద్దెనెక్కిన ఆ వసంతంలో, పంతొమ్మిది వందల ముప్పై మూడులో, తను వేసిన లెక్క అదే లెక్క. సంఘం నియమావళి, ఓటింగు, నమూనా చౌర్యం తగవులు తీర్చే మధ్యవర్తుల మండలి, కార్యవర్గంలో నలుగురైదుగురు యూదుల పేర్లు, ఇవన్నీ బట్ట అనుకున్నాడు. కరిగిపోతే పోనీ. లేసు మిగులుతుంది: వ్యాపారం, నూలు, కళాశాల, పనివాళ్ళ కూలి. ఏది బట్టో ఏది దారమో తేల్చుకోవడంలో పొరపడ్డాడు. పొరపడ్డాడా? పొరపాటు అనే మాట కూడా ఒక విశేషణంలాంటిదే. యూలియస్ ఉంటే తీసెయ్యమనేవాడు.

అసలు మొదలు ఎక్కడ? దీన్నే ఎన్నోసార్లు వెతికాడు, నిద్ర పట్టనప్పుడు, ప్రార్థన మధ్యలో, సభ్యుల నూలు వాటాల మీద సంతకాలు చేస్తూ. ప్రతిసారీ ఒక చోటికే వచ్చి ఆగుతాడు: రామిగ్ అన్న ఒక మాట. రామిగ్ కార్ఖానా పెద్దదే, చెయ్యే కొంచెం పొడుగు. అంతకు రెండేళ్ళ ముందు మరొకరి అంచు నమూనాను దొంగిలించాడని మధ్యవర్తుల మండలి తేల్చింది, ఆ మండలికి పెద్ద యూలియస్. భూతద్దంలోంచి చూసి, "రామిగ్ గారూ, దొంగిలించడం సరే, ఆయన చేసిన తప్పును కూడా దొంగిలించారేమిటి?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వును రామిగ్ గోధుమరంగు పార్టీ చొక్కా జేబులో భద్రంగా దాచుకుని, మార్చినెలలో ఒక రోజు బీరు ముందు కూర్చుని బయటికి తీశాడు. మీ సంఘం కుర్చీలు కడగవలసిన రోజు దగ్గర్లోనే ఉంది అధ్యక్షా, అన్నాడు. అంతే. బెదిరింపు కూడా కాదు, వదరుబోతుతనం. ఆ ఒక్క వాక్యం నుంచి ట్రోగర్ మిగతాదంతా తనే అల్లాడు: పై నుంచి తాఖీదు వస్తుంది, కమిషనరు వస్తాడు, రామిగ్ అధ్యక్షుడవుతాడు, సంఘం నాశనమవుతుంది; వాళ్ళు చెయ్యకముందే మనమే చేసుకుంటే మర్యాదగా జరుగుతుంది, సౌమ్యంగా జరుగుతుంది, యూలియస్‌కు కూడా అదే మంచిది. అదే మంచిది అన్న ఆ మాటను ఆ వారమంతా ఎన్నిసార్లు అనుకున్నాడో, అంత మెత్తగా అరిగిపోయింది అది.

రైలెక్కి డ్రెస్డెన్ వెళ్ళాడు. ఎవరూ పిలవలేదు. మంత్రిత్వశాఖ వసారాలో బల్ల మీద కూర్చుని, మోకాళ్ళ మీద టోపీ పెట్టుకుని, ఉద్యోగానికి వచ్చిన కుర్రవాడిలా ఎదురుచూశాడు. లోపల అధికారి రొట్టెముక్క నములుతూ తల ఎత్తాడు. లేసు సంఘమా, కిటికీ పరదాలవాళ్ళా మీరు, అని అడిగాడు. పరదాలవాళ్ళది వేరే సంఘమని ట్రోగర్ వివరించాడు, ఆ తేడా ముఖ్యమైనట్టు. కార్యవర్గాన్ని కొత్త ప్రభుత్వానికి అనుగుణంగా మార్చుకుంటామని, యూదు సభ్యులు తప్పుకుంటారని, ఇకమీద ఓటింగు ఉండదని, అధ్యక్షుడి బదులు నాయకుడు ఉంటాడని, ముందే రాసుకొచ్చినదాన్ని చూడకుండా అప్పజెప్పాడు. అధికారి చేతి వేళ్ళకున్న పొడి దులుపుకున్నాడు. "మిమ్మల్ని మేము పిలిచామా?" అన్నాడు. లేదు, మేమే, అన్నాడు ట్రోగర్. "మంచిది. ఇలా అడక్కుండా వచ్చేవాళ్ళుంటే మాకు సగం పని తగ్గుతుంది." తిరుగు రైలులో కిటికీ పక్కన కూర్చుంటే ఎల్స్టర్ నది ఒడ్డున విల్లో చెట్లు లేత పచ్చగా పరుగెత్తాయి, అతని ఒళ్ళు తేలికైంది. ఇది ఎవరితోనూ చెప్పలేదు, ఫ్రీడాతోనూ. ఆ తేలికదనాన్ని. పరీక్షకు ముందే పాఠం అప్పజెప్పేసిన పిల్లవాడి తేలికదనం. పశ్చాత్తాపంలో అన్నిటికన్నా బరువైనది ఆ తేలికదనమే. మిగతావాటికి భయం అని పేరు పెట్టుకోవచ్చు, దానికి ఏ పేరూ అతకదు.

ఆ సాయంత్రమే యూలియస్ దగ్గరికి వెళ్ళాడు. కింది అంతస్తులో నమూనాలు గీసే గీతగది, పెద్ద కాగితం మీద ఒక కొత్త నమూనా, ఆరు రెట్లు పెంచి గీసినది, సగంలో ఉంది. యూలియస్ పెన్సిలు దించలేదు. ట్రోగర్ నిలబడే చెప్పాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. డ్రెస్డెన్ నుంచి ఒత్తిడి వస్తోందన్నాడు. సంఘాన్ని కాపాడుకోవాలన్నాడు. కొంతకాలమే అన్నాడు. యూలియస్ వింటూ ఒక ఆకు ఈనె పూర్తి చేశాడు, తర్వాత పెన్సిలు పక్కన పెట్టాడు.

"ఎడ్విన్, ఒక్కటి చెప్పు. ఇది వాళ్ళ నమూనానా, నీదా?"

"వాళ్ళదే."

దొంగ నమూనాలు పట్టుకోవడంలో దేశంలో పేరున్నవాడు యూలియస్. అంచు చూసి, ముడి చూసి, ఏ చెయ్యి గీసిందో చెప్పగలవాడు. ట్రోగర్ ముఖంలోకి చాలాసేపు చూశాడు, భూతద్దం లేకుండానే. ఆ చూపు తగ్గేలోపల ఏమీ జరగలేదు: గోడగడియారం కొట్టలేదు, మెట్ల మీద ఎవరూ దిగిరాలేదు, ట్రోగర్ నోటిలోంచి రెండో మాట రాలేదు. తర్వాత యూలియస్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "సరే, సభలో నేనే లేచి చెప్తాను. నువ్వు చెప్పావంటే గొంతు వణుకుతుంది, రామిగ్‌గాడు నవ్వుతాడు" అన్నాడు. తనను గెంటేసే పనిని కూడా తనే దిద్దిపెట్టాడు. భోంచేసి వెళ్ళమంది అతని భార్య పౌలా; ఆలస్యమైందని చెప్పి వచ్చేశాడు.

సభలో యూలియస్ క్లుప్తంగా మాట్లాడాడు. ఆరోగ్యం అన్నాడు, వయసు అన్నాడు, కొత్తవాళ్ళకు దారివ్వాలన్నాడు. అతనితోపాటు మరికొందరు లేచారు, కారణాలు చెప్పకుండా. ఈ దేశంలో సభికులు చప్పట్లు కొట్టరు, బల్లల మీద పిడికిళ్ళతో తడతారు. ఆ రోజు ఎంతసేపు తట్టారో. కొందరు గౌరవంతో తట్టారు, కొందరు సిగ్గుతో, కొందరు బరువు దిగినందుకు, రామిగ్ పండగ చేసుకుంటూ. బల్లకు మాత్రం అన్నీ ఒకటే చప్పుడు. ఆ చప్పుడు ఇంకా ఆగకముందే ట్రోగర్ లేచి తీర్మానం చదివాడు, ఇకమీద తీర్మానాలు ఉండవన్న తీర్మానం. వడగళ్ళలా పడుతున్న ఆ చప్పుడు మధ్య అతను నాయకుడయ్యాడు. పరదాలవాళ్ళ సంఘానికి డ్రెస్డెన్ నుంచి తాఖీదు వేసవిలో వచ్చింది. అప్పుడు లెక్క కట్టుకుని తృప్తిపడ్డాడు కూడా, చూశారా, ఎలాగూ వచ్చేదే అని. తర్వాత్తర్వాత ఆ తృప్తి తిరగబడింది. వేసవి వరకూ ఉండేదిగా. వసంతంలో కొన్ని వారాలు, కొన్ని నెలలు, యూలియస్ ఆ కుర్చీలో ఉండేవాడుగా. ఆ వారాలను ఏ ప్రభుత్వమూ తీసుకోలేదు. ఆ తర్వాత జరిగినవాటిలో తన చెయ్యి లేదని అతనికి రుజువులున్నాయి. సభ్యుడు కాని మనిషి నమూనాకు రక్షణ ఉండదు కాబట్టి ఫెర్న్ ఆకును రామిగ్ పట్టపగలు దొంగిలించాడు, దొంగిలించింది రామిగ్. యూలియస్ యంత్రాలు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. ట్రోగర్ ఒక సూదైనా కొనలేదు, కొననని ఫ్రీడాతో గట్టిగా చెప్పాడు, ఆ గట్టిగా చెప్పడాన్ని చాలాకాలం మెడలో పతకంలా వేసుకుని తిరిగాడు. వీధిలో ఎదురైతే టోపీ ఎత్తేవాడు. మొదట్లో పూర్తిగా, తర్వాత అంచు ముట్టుకుని. చివరి ఏడాది యూలియసే, దూరం నుంచి చూసి, దుకాణం అద్దం వైపు తిరిగి నిలబడేవాడు, ఎత్తవలసిన అవసరం లేకుండా. ఆ మర్యాదను కూడా స్వీకరించాడు. నిన్న గుండె ఆగి పోయాడని విన్నప్పుడు, బీరువా అడుగు నుంచి ఫెర్న్ ఆకు ముక్కను వెతికి తీసి కోటు జేబులో పెట్టుకున్నాడు.

ఈ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫ్రీడా బంగాళాదుంప ఉండలు పళ్ళెంలో పెట్టింది. అతను ముట్టుకోలేదు, లేవనూ లేదు. కోటు వేసుకుని కూర్చున్నాడు. "వెళ్తే వెళ్ళు ఎడ్విన్, లేకపోతే కోటు విప్పి భోంచెయ్" అంది. "తలుపు సగం తీసి నిలబడితే చలి ఇంటిల్లిపాదికీ కొడుతుంది." ఆమె వస్తానని అనలేదు, తను రమ్మనలేదు.

అద్దాన్ని అరచేత్తో తుడిచాడు. అప్పుడు కనిపించాడు ఆ మనిషి. గేటుకు కొంచెం ఎగువన, తోలు శుద్ధిచేసే కార్ఖానా గోడ పక్కన, సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గొడుగు లేదు, టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు, కోటు కాలరు చెవుల దాకా ఎత్తుకున్నాడు. ఎవరి కోసమూ ఎదురుచూస్తున్నట్టు లేడు. సైకిలు చక్రం వైపు చూస్తాడు, గేటు వైపు చూస్తాడు, తర్వాత కారు వైపు. చూసి వెంటనే ముఖం తిప్పుకుంటాడు. ట్రోగర్ వీపు సీటుకు అతుక్కుపోయింది. సహజమే, అనుకున్నాడు. ఒక మనిషిని పెట్టి ఉంచుతారు. యూదుడి శవం వెనక ఏ జర్మనులు నడుస్తారో చూడటానికి, యూదుల పౌరహక్కులు తీసేసిన ఈ సెప్టెంబరు చట్టాల తర్వాత మరీనూ. రామిగ్ పంపి ఉంటాడు. లేదా రామిగ్‌కు కూడా పైనున్నవాళ్ళు. ఇదిగో, ఊహ కాదు, కనిపిస్తున్న మనిషి, తడుస్తున్న కోటు. విచిత్రంగా అతనికి ఊరట కలిగింది. చెయ్యి కదలకపోవడానికి చలి కాక మరో కారణం దొరికింది. వాడు వెళ్ళిపోగానే దిగుతాను. అంతే. ఆ నిర్ణయంతో కాస్త సర్దుకుని కూర్చున్నాడు, లేసును మళ్ళీ మడిచాడు, మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ మడిచాడు.

వాడు వెళ్ళలేదు. తుంపర కొంచెం పెరిగి సన్నని వానయింది, వాడు సైకిలును గోడకు చేరవేసి, చేతులు చంకల్లో పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఎంత ఓపిక, అనుకున్నాడు ట్రోగర్. చెడ్డపనికి ఇంత ఓపిక ఎక్కడినుంచి వస్తుంది మనుషులకు? లోపల నుంచి ఒక గొంతు, పాటకూ మాటకూ మధ్య, గోడ మీదుగా వచ్చి వానలో కలిసిపోయింది. అతనికి అర్థంకాని భాష, అయినా అది ముగింపు దగ్గరపడ్డ గొంతని తెలుస్తోంది. దిగు, అనుకున్నాడు. చూస్తే చూడనీ. నాయకుడివి, నిన్నేం చేస్తారు? మహా అయితే పదవి తీసేస్తారు. పదవి ఎందుకు, దేన్ని కాపాడటానికి తీసుకున్నావో అది లోపల గోతిలోకి దిగుతుంటే. పిడి నొక్కాడు. తలుపు ఒక వేలి సందు తెరుచుకుంది, వాన వాసన లోపలికి వచ్చింది, తడిసిన మట్టి, తోలు కార్ఖానా నుంచి చెక్కబెరడు వాసన. గోడ దగ్గరి మనిషి ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేసి తల వంచుకున్నాడు. రాసుకుంటున్నాడు కాబోలు. ట్రోగర్ తలుపు లాక్కున్నాడు. మెల్లిగా, చప్పుడు కాకుండా, ఎవరో నిద్రపోతున్న ఇంట్లో వేసినట్టు.

కాసేపటికి వాళ్ళు బయటికి వచ్చారు. ఎంత తక్కువమందో. పౌలా, ఆమె చెల్లెలు కాబోలు ఒకామె, ప్రార్థన చదివిన మనిషి, పెట్టె మోసిన ముసలివాళ్ళు. గేటు లోపలి పంపు దగ్గర ఒక్కొక్కరే చేతులు కడుక్కున్నారు. ఈ ఊరి పత్రిక మొదటి పేజీలో ఉండవలసిన మనిషి. ముప్పై ఏళ్ళు ఎంతోమందికి నమూనాలు గీసిపెట్టినవాడు, తగవులు తీర్చినవాడు, పెళ్ళిళ్ళకు మేలిముసుగులు ఊరికే పంపినవాడు. ఒక్కడైనా రాలేదే. నూలు వ్యాపారులు రాలేదు, తోటి యజమానులు రాలేదు, కళాశాలలో కలిసి చదివినవాళ్ళలో ఒక్కడూ రాలేదు. ట్రోగర్‌కు వాళ్ళందరి మీదా కోపం వచ్చింది, నిజమైన కోపం, చాలాకాలంగా రానిది. పిరికి వెధవలు, అనుకున్నాడు. రోడ్డు మీదికి రాగానే పౌలా కారును చూసింది. ఒక్క క్షణం ఆగింది, పక్కనామె మోచెయ్యి పట్టుకుని రోడ్డుకు ఆ అంచుకు మార్చింది, ఇద్దరూ గోడ వెంబడే దిగువకు నడిచిపోయారు.

వాళ్ళు మలుపు తిరిగాక గోడ దగ్గరి మనిషి సైకిలు నడిపించుకుంటూ నేరుగా కారు దగ్గరికి వచ్చాడు. ట్రోగర్ అద్దం దించాడు. వంగిన ముఖం మీద టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఓట్టో గెర్బెత్. వాగు అవతల అద్దెషెడ్డులో రెండు కుట్టుయంత్రాలు నడుపుకునే చిన్న యజమాని, సంఘంలో వెనక వరుస మనిషి, సభల్లో ఎన్నడూ నోరు విప్పనివాడు.

"నమస్కారమండీ, నాయకుడు గారూ" అన్నాడు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. "నేను లోపలికి వెళ్ళలేదండీ. మీరే చూశారుగా. ఇక్కడే గోడ దగ్గరే నిలబడ్డాను."

ట్రోగర్‌కు మొదట ఏమీ అర్థం కాలేదు. ఎందుకు నిలబడ్డావు, అని అడిగాడు.

గెర్బెత్ సైకిలు బ్రేకును నొక్కుతూ వదులుతూ చెప్పుకొచ్చాడు. కెంప్నర్ గారు తన మొదటి యంత్రానికి నమూనాలు ఊరికే గీసిచ్చారట, వెళ్ళకపోతే బాగుండదని వచ్చాడట. వస్తే గేటుకు ఎదురుగా నాయకుడు గారి కారు. నలుగురైదుగురు అప్పటికే మలుపు దగ్గరి నుంచి వెనక్కి వెళ్ళిపోయారు, నూలు కొట్టు వాళ్ళు, కళాశాల నుంచి వచ్చిన ఒక ముసలాయన. తను మాత్రం కారు కదులుతుందేమోనని చూశాడట, కదిలితే ఒక్క నిమిషం వెళ్ళొద్దామని. చెప్పకూడని మాట చెప్పేశానని తెలిసి అక్కడ ఆగిపోయాడు. "వెళ్ళలేదు కదండీ" అన్నాడు మళ్ళీ.

వాన అద్దం మీదుగా లోపలికి పడుతోంది. ట్రోగర్ చెయ్యి జేబు దగ్గరికి వెళ్ళి ఆగింది. డ్రెస్డెన్ తర్వాత, ఆ గీతగది తర్వాత, ఇన్నేళ్ళకు, ఎవరితోనైనా ఒక నిజం చెప్పడానికి నోరు తెరిచాడు.

"గెర్బెత్, నేనూ అందుకే వచ్చాను. యూలియస్‌ను సాగనంపడానికే వచ్చాను."

గెర్బెత్ అతని వైపు చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు, సైకిలును తనకూ కారుకూ మధ్యకు తెచ్చుకున్నాడు.

"నన్ను పరీక్షించకండి నాయకుడు గారూ" అన్నాడు. "ఇంట్లో ముగ్గురు పిల్లలు. నూలు వాటా మీ చేతిలో ఉంది. మీరేం అడిగినా చెప్తాను, వెనక్కి వెళ్ళినవాళ్ళ పేర్లు కూడా చెప్తాను, ఇలా మాత్రం అడగకండి."

ట్రోగర్ వద్దన్నాడు. అలా కాదన్నాడు. పేరు పెట్టి పిలిచాడు. ప్రతి మాటకూ గెర్బెత్ తల ఊపాడు, అవునండీ, తెలుసండీ, అంటూ, టోపీ తీసి చేత పట్టుకుని, వానకు బట్టతల తడుస్తుంటే, శిక్ష వింటున్నవాడిలా. చివరికి ట్రోగర్ మాట్లాడటం మానేశాక, సెలవిప్పించండి అని అడిగాడు, ఇచ్చారో లేదో తేల్చుకోలేక ఇంకాసేపు నిలబడ్డాడు, తర్వాత సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూనే వాలు దిగాడు. మలుపు దగ్గర ఒకసారి ఆగి వెనక్కి చూశాడు. కారు అక్కడే ఉంది. అతను అడుగు వేగం పెంచాడు.